‘బ్రిటిష్ బుల్‌డాగ్’ రివాల్వర్ ఏ ఏటిది? పుస్తకంలో నంబరు 27, సిలిండర్ మీద గుడ్డు ముద్ర

పాతపెట్టె_బొబ్బిలి:

అందరికీ నమస్కారమండి. తాతగారి పేరున లైసెన్సున్న చిన్న రివాల్వర్ ఒకటి ఇప్పుడు పోలీసు స్టేషన్‌లో డిపాజిట్‌లో ఉంది. వారసుడి దరఖాస్తు పెట్టేముందు పుస్తకంలో రాతా, వస్తువు మీది గుర్తులూ సరిచూడాలి. స్టేషన్‌లో వాళ్ల ఎదుటే చూసి రాసుకున్న వివరాలివి.

ఫ్రేము ఒకే ముక్క, నడుమ విరిచి తెరిచే రకం కాదు. కుడిపక్క చిన్న తలుపు తీసి ఒక్కొక్క తూటా వేసే తీరు. సిలిండర్‌లో ఐదు గదులు. బ్యారెల్ రెండున్నర అంగుళాలు. నికెల్ పూత సగం లేచిపోయింది. పైపట్టీ మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘బ్రిటిష్ బుల్‌డాగ్’. తయారీదారు పేరు ఎక్కడా లేదు. సిలిండర్ మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత, లోపల ఇ, ఎల్, జి అక్షరాలు, వాటి కింద నక్షత్రం. బ్యారెల్ ఎడమపక్క ఏదో అక్షరం, దాని మీద కిరీటం. అక్షరం సరిగ్గా తెలియలేదు. సిలిండర్ ముందు ముఖం మీద 27, లోడింగ్ తలుపు లోపల కూడా 27.

లైసెన్సు పుస్తకంలో రాత: ‘ఇంగ్లీషు రివాల్వర్, .450 బోరు, బ్రిటిష్ బుల్‌డాగ్, నంబరు 27’. పుస్తకం నెత్తిన ఇండియన్ ఆర్మ్స్ యాక్ట్ 1878 అని అచ్చు, సీలులో విజగపటం (విశాఖపట్నం పాత పేరు) అని ఉంది.

నెట్‌లో వెతికితే వెబ్లీ కంపెనీ బుల్‌డాగ్ 1872లో మొదలైందని వస్తోంది. మరైతే ఇది వెబ్లీ వాళ్లు చేసిన 27వ రివాల్వరా? గుర్తులు బాగా కనిపించడానికి చింతపండుతోనో నిమ్మకాయతోనో ఒకసారి తోమొచ్చా?

తుపాకీనూనె:

చివరి ప్రశ్నకి ముందు జవాబు. తోమొద్దు. ఇత్తడి చెంబుకి పనికొచ్చే పులుపు ఉక్కుకి పనికిరాదు. నికెల్ లేచిన చోట్ల నుంచి లోపలికి పాకి పొర కిందనే ఉక్కుని తింటుంది, నాలుగు రోజులకి పూత పెచ్చులుగా ఊడుతుంది, దాంతోపాటే ముద్ర అంచులూ పోతాయి. గరుకు కాగితం, వైరు బ్రష్షు, గ్రైండరు షాపులో బఫింగు కూడా అంతే. మీ వస్తువు వయసు తేలేది గుడ్డు ముద్ర నెత్తిన ఉండే చిన్న గుర్తుతో. అది నువ్వుగింజంత కూడా ఉండదు. రెండు రుద్దులకే చెరిగిపోతుంది.

ఇక అసలు సంగతి. మీ రివాల్వర్ ఇంగ్లీషుది కాదండి, బెల్జియంది. గుడ్డులో ఇ-ఎల్-జి అంటే లియేజ్ నగరపు ప్రభుత్వ పరీక్షాశాల ముద్ర. బర్మింగ్‌హామ్‌లో గానీ లండన్‌లో గానీ ఆ ముద్ర వెయ్యరు. వెబ్లీ బుల్‌డాగ్ 1872లో వచ్చిన మాట నిజమే. పొట్టి బ్యారెల్, ఐదు గదులు, కోటు జేబులో పట్టే సైజు కావడంతో బాగా అమ్ముడుపోయింది. అది చూసి లియేజ్ చుట్టుపక్కల చిన్న చిన్న కార్ఖానాలు అదే రూపంలో, అదే పేరుతో వేలకి వేలు చేసి ఎగుమతి చేశాయి. పేరు ఒకచోట రెండు ముక్కలుగా, ఒకచోట కలిపి, ఒకచోట అడ్డగీతతో చెక్కేవారు. కాబట్టి పైపట్టీ మీద పేరు రకాన్ని చెబుతుందే గానీ, తయారైన దేశాన్నీ ఏడునీ చెప్పదు.

27 అన్నది కూడా కంపెనీ వరస నంబరు కాదు. అది జత నంబరు. ఆ రోజుల్లో ప్రతి సిలిండర్నీ దాని ఫ్రేముకి చేత్తో ఆకురాయి పెట్టి సరిచేసేవారు. తర్వాత గట్టిపరచడానికీ, నికెల్ పూతకీ విడి భాగాలుగా ఒకే గంపలో పంపేవారు. తిరిగొచ్చాక ఏ ముక్క దేనిదో తెలియాలి కదా, అందుకని ఒక్కో సెట్టుకి ఒక్కో అంకె. ఆ గంప అయిపోతే మళ్లీ ఒకటి నుంచి మొదలు. అలాంటి 27లు లియేజ్‌లో ఎన్ని ఉన్నాయో లెక్క ఉండదు. ఏ పట్టికలోనూ ఆ నంబరుకి తయారైన సంవత్సరం దొరకదు, దొరికిందని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.

మళ్లీ స్టేషన్‌కి వెళ్లినప్పుడు చూడాల్సినవి నాలుగు: గుడ్డు నెత్తిన కిరీటం ఉందా లేదా, బ్యారెల్ మీద కిరీటం కింద ఉన్న అక్షరం ఏమిటి, ఎక్కడైనా చిన్న నక్షత్రం కింద ఒంటి అక్షరం ఉందా, విడిగా ఒక చిన్నబడి (క్యాపిటల్ కాని) ఇంగ్లీషు అక్షరం ఏదైనా ఉందా. ఇవి తెలిస్తే ముప్పయ్యేళ్ల లోపుకి కుదించవచ్చు.

వస్తువు ముట్టుకునేముందు ఆయుధాగారం చూసే కానిస్టేబుల్ గారినే తలుపు తీసి ఐదు గదులూ తిప్పి చూపించమనండి. నాలుగు చూసి సరే అనుకోవద్దు. గదిలో పాత తూటా ఇరుక్కుని ఉంటే అక్కడితో ఆపేయాలి, పుల్ల పెట్టి పొడవకూడదు. నల్ల తుపాకీమందు తూటా వందేళ్లైనా పేలొచ్చు. ఖాళీదే కదా అని ట్రిగ్గరు నొక్కి చూడొద్దు కూడా. వీటిల్లో హ్యామర్ ముక్కే నేరుగా తూటాని కొడుతుంది, ఖాళీగా కొడితే ఆ ముక్కు విరుగుతుంది.

వెర్నియర్_టెక్కలి:

బోరు (తూటా పట్టే వ్యాసం, అంగుళాల్లో) కూడా కొలవండి. పుస్తకంలో .450 అని రాసినంత మాత్రాన .450 అవదు. బుల్‌డాగ్ అనగానే అప్పటి గుమాస్తాలు .450 రాసేసిన సందర్భాలు ఉంటాయి, ఎందుకంటే పేరుపడ్డ బోరు అదే.

మామూలు వెర్నియర్ కాలిపర్ చాలు. సిలిండర్ ముందు వైపు నుంచి గది మూతి లోపలి వ్యాసం కొలవండి. మూడు గదులు కొలిచి చిన్న అంకె తీసుకోండి, ఎందుకంటే తుప్పు తిన్న గది పెద్దదిగా చూపిస్తుంది. 8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే .320. తొమ్మిదిన్నర దగ్గర ఉంటే .380. 11 దాటి 12 వరకు ఉంటే .442 గానీ .450 గానీ అవుతుంది, ఈ రెండిటినీ కాలిపర్‌తో విడదీయలేం, డీలరు దగ్గర గేజీ పెట్టించాలి.

బ్యారెల్ మూతి దగ్గర కొలవొద్దు. జేబులో, ఒరలో రాసుకుని మూతి అంచు అరిగి ఉంటుంది, పైగా లోపలి మెలిక గాళ్ల (రైఫ్లింగ్) లోతు, మిట్ట తేడా తెలియక తప్పు అంకె వస్తుంది. కాలిపర్ కొనలు ఉక్కువి కాబట్టి నెట్టకుండా, తగిలీ తగలనట్టు పెట్టండి.

నాగావళి_గట్టు:

ముద్ర చదివే పద్ధతి రాస్తాను, చాలామంది ఇక్కడే తప్పుతారు.

ట్యూబులైటు కింద నికెల్ మీద ఏమీ కనిపించదు, మెరుపు కళ్లలో కొడుతుంది. గదిలో వెలుతురు తగ్గించి, సన్నటి టార్చిని వస్తువుకి పక్కగా, దాదాపు ఆనించినట్టు పడుకోబెట్టి పట్టుకోండి. వెలుగు ముద్ర అంచుకి అడ్డం పడి నీడ లోపలికి దిగుతుంది. టార్చి ఒకే వైపు పట్టుకుంటే ఒక దిక్కు గీతలే కనిపిస్తాయి. మెల్లగా గడియారం ముల్లులా చుట్టూ తిప్పుతూ చూడాలి. గుడ్డు నెత్తిన కిరీటం చాలాసార్లు పై నుంచి వెలుగు పడినప్పుడే బయటపడుతుంది. సిలిండర్ గుండ్రం కావడంతో సుత్తి దెబ్బ ఒక పక్క లోతుగా, ఒక పక్క పైపైన పడుతుంది, అందుకే ముద్ర సగమే దిగడం మామూలు.

మురికి నిండి ఉంటే కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి, స్టేషన్ వాళ్లు ఒప్పుకుంటే మర్నాటిదాకా ఒగ్గేసి, పాత నూలు గుడ్డతో అద్దండి, రుద్దకండి. గాడిలో మిగిలిన మట్టికి వెదురు పుల్ల మొన చాలు. గుండుసూది, బ్లేడు వద్దు. వాటి గీత కొత్తగా మెరుస్తూ ఉండిపోతుంది, రేపు ఎవరైనా అధికారి చూస్తే నంబరు మీద చెయ్యి చేసుకున్నట్టు కనిపిస్తుంది. నూనె పూర్తిగా తుడిచాక ముఖానికి రాసే పౌడరు చిటికెడు అద్ది అరచేత్తో తుడిస్తే గాళ్లలో తెలుపు నిలిచి అక్షరం లేస్తుంది. తర్వాత ఆ పౌడరు తీసేసి పల్చగా నూనె రాయడం మరవద్దు, చెమ్మ పట్టి అక్కడే తుప్పు మొదలవుతుంది. మన సముద్రపు గాలికి వారం చాలు.

ఫొటోకి ఫోను దగ్గరగా పెట్టకండి, ఒక జానెడు దూరంలో ఉంచి జూమ్ చెయ్యండి. పక్కన మిల్లీమీటరు స్కేలు పెట్టండి. ఒకే ముద్రని నాలుగు దిక్కుల వెలుగులో నాలుగు ఫొటోలు తియ్యండి.

పిడి చెక్కల కింద కూడా గుర్తులు ఉంటాయి. అక్కడ ఒకే స్క్రూ. గాడిని పూర్తిగా నింపే వెడల్పున్న స్క్రూడ్రైవరే వాడాలి. స్క్రూ పూర్తిగా తీసేసి చెక్కని గోటితో పెకలించొద్దు, అంచు పెళ్లలు ఊడతాయి. మూడు నాలుగు చుట్లు వదులు చేసి స్క్రూ తలని బొటనవేలితో లోపలికి నొక్కితే అవతలి చెక్క తనంతట తనే లేస్తుంది. చెక్క లోపలి వైపు కూడా ఆ 27 ఉంటే పిడి అసలుదే అన్నమాట. సిలిండర్ మీద ఒక అంకె, ఫ్రేము మీద ఒక అంకె ఉంటే రెండు రివాల్వర్లు కలిపి ఒకటి చేశారని అర్థం, అప్పుడు సిలిండర్ ముద్ర ఫ్రేము వయసు చెప్పదు.

పాతపెట్టె_బొబ్బిలి:

చాలా ఉపకారం చేశారండి. ఇవాళ చూశాను. ఐదు గదులూ ఖాళీ. టార్చి పై నుంచి పెట్టినప్పుడు గుడ్డు నెత్తిన కిరీటం స్పష్టంగా కనిపించింది. బ్యారెల్ మీద కిరీటం కింద అక్షరం ‘ఆర్’. ఫ్రేము మీద, సిలిండర్ మీద చిన్న నక్షత్రం, దాని కింద ఒంటి అక్షరం, ‘వి’ అనుకుంటున్నాను. చిన్నబడి అక్షరం ఎక్కడా లేదు. లియేజ్ ముద్రల్లో ఒకటని నెట్‌లో చూసిన సింహం బొమ్మా లేదు. ఎడమ పిడి చెక్క లోపల 27 ఉంది. గదుల కొలత 8.2, 8.2, 8.3. బర్మింగ్‌హామ్ ముద్రలంటూ నెట్‌లో చూపిస్తున్నవి ఏవీ లేవు.

సాలూరు_మాస్టారు:

కిరీటం కింద ఒంటి అక్షరం అంటే లియేజ్ తనిఖీదారు గుర్తు కదా. అది 1853 నుంచి 1877 దాకానే వాడారు. ఆ లెక్కన మీది 1872–77 మధ్యది అవుతుంది, వెబ్లీ వచ్చిన కొత్తలో చేసిన నకలు.

నాగావళి_గట్టు:

మాస్టారూ, తనిఖీదారు గుర్తు గురించి మీరు చెప్పిన ఏళ్లు సరైనవే. ఈ కిరీటం-ఆర్ మాత్రం ఆ కోవలోది కాదు. కిరీటం కింద ‘ఆర్’ లియేజ్‌లో గాళ్లున్న బ్యారెల్‌కి వేసే ప్రత్యేక ముద్ర, 1894 జనవరి నుంచి మొదలైంది. రెండూ చూడ్డానికి ఒకటే, పోల్చుకునే దారి ఉంది. తనిఖీదారు పద్ధతి 1877లో మారింది: కిరీటం పోయి నక్షత్రం వచ్చింది. ఈ వస్తువు మీద నక్షత్రం కింద అక్షరం వేరేగా ఉంది, అంటే తనిఖీదారు సంతకం అదే. ఒకే పరీక్షలో పాత పద్ధతి సంతకం, కొత్త పద్ధతి సంతకం రెండూ వెయ్యరు. ఇక గుడ్డు నెత్తిన కిరీటం 1893 జూలై 11 నుంచే ఉంది, అంతకుముందు గుడ్డు బోడిగా ఉండేది. మూడు ముద్రలూ ఒకదాన్నొకటి సమర్థిస్తున్నాయి.

కాబట్టి కింది హద్దు 1894.

పై హద్దుకి చిన్నబడి అక్షరం. 1922 నుంచి లియేజ్ పరీక్షాశాల ఏడుకో అక్షరం వేయడం మొదలుపెట్టింది, ‘ఎ’ అంటే 1922. పాతపెట్టె గారు వెతికినా కనిపించలేదు. పూత లేచిన చోట అక్షరం పోయి ఉండొచ్చని అనుమానం ఉంటే ట్రిగ్గరు గార్డు ముందు భాగం, ఫ్రేము అడుగు మరోసారి చూడండి. అక్కడా లేకపోతే 1894–1922. ఇంతకన్నా దగ్గరకి నంబరు తీసుకెళ్లదు, ముద్రలూ తీసుకెళ్లవు. ఒకే ఏడు చెప్పేవాళ్లు ఊహించి చెబుతున్నట్టే.

ఇంగ్లండ్‌లో పరీక్షించినట్టు ఆనవాలు లేదని కూడా చెప్పొచ్చు, అక్కడి పరీక్ష ముద్ర లేదు కాబట్టి. 1925 తర్వాత ఇంగ్లండ్‌లో పరీక్షించిన విదేశీ తుపాకుల మీద ‘ఇంగ్లీషు తయారీ కాదు’ అనే అర్థం వచ్చే మూడు ఇంగ్లీషు మాటలు కొట్టేవారు, 1955 దాకా. పాత తుపాకీ మీద అవి కనిపిస్తే తయారీ ఏడు కాదు, అక్కడ అమ్మకానికి వచ్చిన కాలం తెలుస్తుంది.

సాలూరు_మాస్టారు:

ఆర్ ముద్ర సంగతి ఇప్పుడు తెలిసింది, ధన్యవాదాలు. నా లెక్క వెనక్కి తీసుకుంటున్నాను.

తుపాకీనూనె:

పాతపెట్టె గారూ, 8.2 అంటే ఇది .320. పుస్తకంలో .450 తప్పు. ఈ తేడా చిన్నది కాదు, కింద గంటస్తంభం గారు చట్టం సంగతి రాస్తారనుకుంటున్నాను.

వాడకం గురించి ఒక మాట. సింహం బొమ్మ కింద ‘పి వి’ అక్షరాలుంటే పొగరాని మందుతో పరీక్షించినట్టు. మీ దానికి లేదు, నల్ల తుపాకీమందుకి మాత్రమే పరీక్ష జరిగింది. ఇప్పుడు షాపుల్లో దొరికే .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ తూటా ఒళ్లు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, మీ గదిలోకి దిగదు. దిగేలా గది పెద్దది చేయించమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆ పాత మెత్తటి ఉక్కు గది గోడ ఇంకా పల్చబడితే మొదటి తూటాకే పైపట్టీ లేచి ముఖం మీదకి వస్తుంది. దీన్ని చూసుకోవడానికే ఉంచుకోండి.

ఈ చర్చ చదివే మిగతావాళ్ల కోసం, మన జిల్లాల్లో పాత ఇళ్లలో కనిపించే ఇంకో రెండు రకాలు. నడుమ విరిచి తెరిచే పెద్ద వెబ్లీలు: వాటికి నంబరు నిజంగా వరస నంబరే, ఫ్రేము మీద సిలిండర్ కింద కుడిపక్క ఉంటుంది, సిలిండర్ మీదా బ్యారెల్ మీదా అదే అంకె ఉండాలి. సైనిక రకాల్లో మార్క్ 1 1887ది, మార్క్ 4 1899ది, మార్క్ 6 1915 మేలో వచ్చింది. మార్క్ 6 ఫ్రేము మీద తయారైన సంవత్సరం నేరుగా కొట్టి ఉంటుంది, పట్టికలతో పనిలేదు. 1921 నుంచి 1926 దాకా ఇదే మార్క్ 6 ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ కర్మాగారంలో కూడా చేశారు. కంపెనీ పేరు కూడా కాలం చెబుతుంది: పి. వెబ్లీ అండ్ సన్ అని ఉంటే 1897కి ముందుది, వెబ్లీ అండ్ స్కాట్ అని ఉంటే ఆ తర్వాతది. బాణం ముద్ర ఒకటుంటే ప్రభుత్వ సొత్తు. రెండు బాణాలు మొనలు ఎదురెదురుగా ఉంటే ప్రభుత్వం అమ్మేసినది. బర్మింగ్‌హామ్ పరీక్ష ముద్రలు 1904లో మారాయి: అడ్డంగా వేసిన రాజదండాల మీద కిరీటం ఉంటే పాత పద్ధతి, కిరీటం కింద బి-వి, బి-పి, ఎన్-పి జంట అక్షరాలుంటే 1904 తర్వాతది. ఇందులో ఒక చిక్కుంది. 1921 నుంచి సంవత్సరం తెలిపే అక్షరంతో అడ్డదండాల ముద్ర ఒకటి మళ్లీ వచ్చింది. దాన్ని చూసి పాతది అనుకోకండి, దండాల మధ్య ఖాళీల్లో ఏ అక్షరాలున్నాయో చదవండి.

బ్యారెల్ పైన ఆర్మీ అండ్ నేవీ సి.ఎస్.ఎల్. అని ఉంటే అది అమ్మిన దుకాణం, తయారీదారు కాదు. ఆ సంస్థ 1871లో మొదలై 1934లో పేరు మార్చుకుంది, కాబట్టి ఆ పొడి అక్షరాలు కూడా ఒక హద్దు ఇస్తాయి.

రెండోది స్మిత్ అండ్ వెసన్ విక్టరీ, రెండో యుద్ధం నాటిది. సిలిండర్ పక్కకి తెరిస్తే ఆ చేతి సందులో ఒక నంబరు కనిపిస్తుంది, దాన్నే లైసెన్సులో రాసేస్తారు. అది కూడా జత నంబరే. అసలు నంబరు పిడి అడుగున, కొక్కెం పక్కన, ముందు ‘వి’ అక్షరంతో ఉంటుంది. 1942లో అంకెలు పది లక్షలకి చేరాక ‘వి’తో మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. ‘ఎస్-వి’ అని ఉంటే హ్యామర్‌కి కొత్త అడ్డు పెట్టిన తర్వాతది, యుద్ధం చివరి నెలలది.

పేటెంటు తేదీల గురించి కూడా. అమెరికా రివాల్వర్ల బ్యారెల్ మీద మూడు నాలుగు తేదీలుంటాయి. కోల్ట్ సింగిల్ యాక్షన్ మీద 1871, 1872, 1875 అని చూసి వస్తువు 1871ది అనుకుంటారు. పేటెంటు తేదీ ఎన్నేళ్లైనా చెక్కుతూనే పోతారు. వస్తువు ఆఖరి తేదీకి ముందుది కాదని మాత్రమే దానికి అర్థం.

గంటస్తంభం:

కాగితాల సంగతి నేను చెబుతాను.

మొదట మీ పుస్తకం వయసు. వస్తువు ఎప్పటికి ఇంట్లో ఉందో అది చెబుతుంది. 1878 చట్టం పేరుతో అచ్చైన పుస్తకం 1962 అక్టోబరు 1కి ముందుది, ఆ రోజు నుంచి 1959 ఆయుధాల చట్టం అమల్లోకి వచ్చింది. విజగపటం సీలు ఇంకా వెనక్కి తీసుకెళ్తుంది: శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విడిపోయింది, బొబ్బిలి అందులోకి వెళ్లింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా వచ్చేదాకా అక్కడే ఉంది. కాబట్టి మీ పుస్తకం 1950కి ముందుది. టెక్కలి, సోంపేట వైపు కుటుంబాల పుస్తకాల్లో గంజాం సీలు ఉంటే 1936 ఏప్రిల్‌కి ముందుదని అర్థం, ఒరిస్సా ఏర్పడినప్పుడు ఆ తాలూకాలు విజగపటంలో కలిశాయి. రెన్యువల్ పేజీలు ఒక్కొక్కటీ ఫొటో తియ్యండి. సీలు మారిన ప్రతిచోటా రాత మళ్లీ చేతితో ఎక్కించారు, తప్పు ఎక్కడ దొర్లిందో అక్కడే దొరుకుతుంది.

వందేళ్లు దాటింది కాబట్టి లైసెన్సు అక్కర్లేదని కొందరు చెబుతారు. నమ్మకండి. 1959 చట్టం 45వ సెక్షన్ మినహాయింపు పాత రకానికీ, పురాతన విలువ ఉన్నదానికీ ఇచ్చిన మాట నిజమే, అయితే బాగుచేసినా చేయకపోయినా తుపాకీగా పనిచేయలేని స్థితిలో ఉంటేనే. హ్యామర్ లేస్తూ, సిలిండర్ తిరుగుతూ ఉన్న రివాల్వర్ ఎంత పాతదైనా తుపాకీయే. పనిచేయదని ఇంట్లోవాళ్లు అనుకుంటే సరిపోదు.

8వ సెక్షన్ అందరూ చదవాల్సినది. తుపాకీ మీద ఉన్న పేరు, నంబరు, గుర్తు చెరిపినా, మార్చినా, కొత్తగా కొట్టినా నేరం. చెరిగిన నంబరుతో తుపాకీ ఎవరి దగ్గర దొరికితే చెరిపింది వాళ్లేనని చట్టం ముందుగా అనుకుంటుంది. బఫింగు వద్దని పైన చెప్పింది వస్తువు కోసమే కాదు, మీ కోసం కూడా. పుస్తకంలో రాతకి సరిపోయేలా వస్తువు మీద అంకె కొట్టించడం అసలు చేయకూడని పని. మార్చాల్సింది పుస్తకంలో రాత.

బోరు ఎందుకు ముఖ్యమంటే, నిబంధనల షెడ్యూల్‌లో .380, .455 రిమ్ తూటాలు పట్టి పేల్చగల రివాల్వర్లు నిషేధిత వర్గంలో ఉన్నాయి. పుస్తకంలో .450 అని ఉంటే అధికారి ఆ ప్రశ్న వేస్తారు, ఫైలు ఆగుతుంది. మీ 8.2 కొలత ఆ అనుమానం తీరుస్తుంది. పోలీసు ఆర్మరర్ (ఆయుధాల మరమ్మతు చూసే ఉద్యోగి) చేత కొలిపించి రాతపూర్వకంగా తీసుకోండి, మీ సొంత కొలత సరిపోదు.

దరఖాస్తు విజయనగరం కలెక్టరేట్‌కి. 2016 ఆయుధాల నిబంధనల్లో 25వ నిబంధన వారసత్వపు తుపాకులది. లైసెన్సుదారు మరణించాక వారసుడు అడగవచ్చు. బతికి ఉండగానే అయితే 70 ఏళ్లు నిండినా, 25 ఏళ్లు ఆ తుపాకీ ఉంచుకున్నా ఇవ్వొచ్చు. మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, మిగతా వారసుల నిరభ్యంతర పత్రాలు, స్టేషన్ డిపాజిట్ రసీదు జతచేయండి. డిపాజిట్ రసీదులో కూడా .450, ఇంగ్లీషు అనే రాసి ఉంటుంది, అదీ సరిచేయించుకోవాలి.

పాతపెట్టె_బొబ్బిలి:

రసీదు చూశానండి, మీరన్నట్టే ‘.450 ఇంగ్లీషు’ అని ఉంది. ట్రిగ్గరు గార్డు ముందు, ఫ్రేము అడుగు కూడా చూపించుకున్నాను, చిన్నబడి అక్షరం లేదు. సవరణ కోరే కాగితంలో వస్తువు వర్ణన ఎలా రాయాలి? తయారీదారు పేరు లేదు, వరస నంబరు లేదు. ఆ గడులు ఖాళీగా వదిలేస్తే ఫారం తీసుకోరేమో.

గంటస్తంభం:

ఖాళీ వదలొద్దు, కనిపించింది కనిపించినట్టు రాయండి. ఇలా సరిపోతుంది:

‘రివాల్వర్, ఒకే ముక్క ఫ్రేము, ఐదు గదులు, కుడిపక్క లోడింగ్ గేటు, బ్యారెల్ రెండున్నర అంగుళాలు, నికెల్ పూత. పైపట్టీ మీద బ్రిటిష్ బుల్‌డాగ్ అని చెక్కి ఉంది. తయారీదారు పేరు లేదు. తయారీ దేశం బెల్జియం: సిలిండర్ మీద కిరీటంతో లియేజ్ పరీక్ష ముద్ర, బ్యారెల్ మీద కిరీటం-ఆర్ ముద్ర, ఫ్రేము మీదా సిలిండర్ మీదా నక్షత్రం కింద ఒంటి అక్షరం. తయారీ కాలం 1894–1922. బోరు .320, ఆర్మరర్ కొలత ప్రకారం. తయారీ వరస నంబరు లేదు. గుర్తింపు అంకె 27: సిలిండర్ ముందు ముఖం, లోడింగ్ గేటు లోపల, ఎడమ పిడి చెక్క లోపల. పాత పుస్తకంలోని ఇంగ్లీషు, .450 అనే రాతలు పొరపాటు, నంబరు 27 మాత్రం అదే వస్తువుది.’

ఆఖరి వాక్యం తప్పకుండా ఉంచండి. పుస్తకానికీ వస్తువుకీ మధ్య మిగిలిన లంకె ఆ 27 ఒక్కటే. దేశం, బోరు రెండూ మారుతున్నప్పుడు తుపాకీనే మార్చేశారా అన్న ప్రశ్న వస్తుంది. మూడుచోట్లా 27 కనిపించేలా, పక్కన స్కేలుతో తీసిన ఫొటోలు జతచేసి, ప్రతి ఫొటో వెనక స్టేషన్ ఆఫీసర్ సంతకం, తేదీ వేయించుకోండి.

నాగావళి_గట్టు:

ఒక్క చేర్పు. నక్షత్రం కింద అక్షరం ‘వి’ అని తేలిపోతే తప్ప కాగితంలో రాయకండి, గంటస్తంభం గారు రాసినట్టు ‘ఒంటి అక్షరం’ అనే ఉంచండి. అరిగిన ‘వై’ కూడా పక్క వెలుగులో ‘వి’లాగే కనిపిస్తుంది. ఆర్మరర్ వచ్చిన రోజు టార్చి కింది వైపు నుంచి పట్టి చూడమనండి, ‘వై’ అయితే కాడ నీడ పడుతుంది.